కారు బండి లారీ పని చేస్తుందా?



చిన్న బండి కొనాలా, లారీ కిరాయికే పోవాలా అని మన సంఘంలో చాలామంది అడుగుతున్నారు. కారులా నడుస్తుంది, లారీలా మోస్తుంది అంటారు షోరూం వాళ్లు. మొదటి మాటతో మనకు పేచీ లేదు. రెండోదే చూసుకోవాలి.

కారుకు తొట్టి కట్టాలన్న ఆలోచన రైతు ఇంట్లోనే పుట్టిందని చెబుతారు. ఆదివారం చర్చికి పోవడానికి, సోమవారం పందుల్ని సంతకు తీసుకుపోవడానికి ఒకే బండి కావాలని ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య ఫోర్డు కంపెనీకి ఉత్తరం రాసిందట. 1934లో అక్కడి గీలాంగ్‌లో అలాంటి బండి తయారైంది. మన దగ్గర 2005లో వచ్చిన టాటా ఏస్‌కూ కారుతో చుట్టరికం ఉంది. ఇండికా కారు ఇంజనుకు నాలుగు సిలిండర్లయితే, అందులో సగం, రెండు సిలిండర్లతో దీని ఇంజను చేశారు. తెల్లారుజామున కోసిన కూరగాయల్ని రైతు బజారుకు చేర్చడానికి ఇలాంటి బండే మేలు. సందుల్లో తిరుగుతుంది, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

మరి మిర్చి సంగతేంటి? లారీకి అడుగున రెండు ఇనుప దూలాల చాసిస్ ఉంటుంది. బరువంతా దాని మీద, కమాను పట్టీల మీద పడుతుంది. కారు మాదిరిగా కట్టిన బండికి విడిగా చాసిస్ ఉండదు, రేకు బాడీయే బరువు మోయాలి. కాబట్టి పికప్ అన్న పేరు చూసి మోసపోవద్దు, కిందికి వంగి చూడండి. చాసిస్ ఉన్నా చిన్న బండి చిన్న బండే. 750 కిలోల బండికి 40 కిలోల టిక్కీలు 18 ఎక్కుతాయి. మనం 30 వేస్తాం! బ్రేకు పట్టదు, టైరు పేలుతుంది. దొరికితే 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, అదనపు టన్నుకు మరో 2 వేలు. ఆ రోజు గుంటూరు యార్డులో వచ్చిన ధర ఎటు పోయినట్టు? యార్డుకైతే నలుగురం కలిసి ఒక లారీ మాట్లాడుకోవడమే నయం.

ఇంకొకటి, తొట్టిలో కూలీలను ఎక్కించుకుపోతున్నాం. సరుకుతోపాటు వెళ్లే సరుకు యజమానికి బీమా ఉంది. కోతకు పోయే కూలీలకు లేదు. ప్రమాదం జరిగితే పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది, అంటే మన పొలం మీద. చనిపోయిన కూలీ ఇంటికి ఎప్పటికి అందుతుందో చెప్పలేం. ఇది చిన్న బండికీ లారీకీ ఒకటే.

కొనేవాళ్లు ఫైనాన్సు కాగితాల మీద సంతకం పెట్టకముందే, అదే మోడల్ ఉన్నవాళ్ల ఆర్‌సీ అడిగి చూడండి. ఖాళీ బండి బరువు, లోడుతో అనుమతించిన మొత్తం బరువు రెండూ అందులో ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, డ్రైవరు బరువు కూడా తగ్గించండి. మిగిలిందే మీ సరుకు.