పూర్వపక్షమునకు పుస్తకమున చోటు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చి పలువురు వక్తలు పలుకుదురు. ఈ ప్రసంగమునకు ఎన్నుకొనబడిన విషయము వేఱు. ఒక భాషను వాడువారే కూడి, దాని సూత్రములను గూర్చి వాదించి, ఆ వాదమును వ్రాసి దాచుకొని, భాషను దిద్దుకొనుచున్న విధము ఇందు చెప్పబడును. అది నోటితో పలుకు భాష కాదు. కంప్యూటరునకు పని చెప్పు భాష. పల్లెలనుండి కళాశాలలకు పోవు పిల్లలలో అనేకులు నేడు దానిని చదువుచున్నారు. ఆ చదువునకు సొమ్ము కట్టు తలిదండ్రులు అదెట్టిదో తెలిసికొనుట మేలు. అందు గ్రామసంస్థలు నేర్వదగిన నీతియు ఒకటి కలదు.

కంప్యూటరు తనంత తాను ఏమియు చేయజాలదు. చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా వ్రాసి యీయవలెను. ఆ వ్రాతకు ప్రోగ్రామని పేరు. దానికి వ్యాకరణము కలదు. ఒక గుర్తు తప్పినను యంత్రము పని నిలిపివేయును. వ్యాకరణశాస్త్రమునకును దీనికిని గల చుట్టరికము కేవలము ఉపమానము కాదు. అల్గాల్ అను ప్రోగ్రామింగు భాష యొక్క వ్యాకరణమును 1960 ప్రాంతమున జాన్ బాకస్, పీటర్ నౌర్ అను విద్వాంసులు ఒక సూత్రపద్ధతిలో కూర్చిరి. ఇట్టి పద్ధతి పాణిని మహర్షికి పూర్వమే తెలియుననియు, కావున దానికి పాణిని పేరు చేర్చి పాణిని-బాకస్ పద్ధతి యని పిలువవలెననియు ఇంగర్మన్ అను నతడు 1967లో ఒక లేఖలో సూచించెను.

ఇచ్చట చెప్పబోవు భాష పేరు పైథాను. హాలెండు దేశీయుడగు గీడో వాన్ రాసమ్ అనువాడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి ఒక గణిత పరిశోధనాలయమున పనిచేయుచు, 1989 డిసెంబరు సెలవులలో దీనిని ఆరంభించి, 1991 ఫిబ్రవరిలో లోకమునకు విడుదల చేసెను. ఆ పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు; మాంటీ పైథాన్ అను ఇంగ్లీషు హాస్యబృందమును బట్టి వచ్చినది. ఈ భాషకు వెల లేదు. ఎవరైనను తెచ్చుకొని వాడవచ్చును, దాని లోపలి వ్రాతను చూడవచ్చును, మార్పు సూచింపవచ్చును.

సూచించుటకు ఒక కట్టుబాటు 2000 సంవత్సరమున ఏర్పడెను. మార్పు కోరువాడు నోటిమాటతో అడిగిన చాలదు, పత్రము వ్రాయవలెను. ఆ పత్రమునకు పెప్ అని పొట్టిపేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య. మార్పు ఎందులకు కావలెను, వచ్చిన పిమ్మట భాష ఎట్లుండును, పాత ప్రోగ్రాములకు చెఱుపు కలుగునా, త్రోసివేసిన ఇతర మార్గములేవి అను విషయములు అందుండవలెను. భాషను పెంచువారి వర్గములో చేరని వాడు పత్రము తెచ్చినచో ఆ వర్గమునందలి ఒకరు పూచీ పడవలయునని తరువాత నియమించిరి. పత్రముపై పలుదేశములవారు లిఖితపూర్వకముగ వాదింతురు. అంగీకరింపబడిన పత్రములవలెనే తిరస్కరింపబడిన పత్రములును నేటికిని అందఱకు దొరకునట్లు భద్రపఱుపబడియున్నవి.

శాస్త్రగ్రంథములు చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఎదుటివాని వాదమును పూర్వపక్షముగ ముందు నిలిపి, పిదప సిద్ధాంతము చెప్పుట శాస్త్రకారుల మర్యాద. ఆ మర్యాద ఎంత ఉపయోగకరమో చూపుటకు 2007 నాటి యొక వివాదము చాలును. అది తెలుగువారికిని సంబంధించినది.

ప్రోగ్రాము వ్రాయువాడు అడుగడుగునకు వస్తువులకు పేరులు పెట్టుచుండును. అంగడి చిట్టా కూడు ప్రోగ్రామునందు బియ్యపు వెలకొక పేరు, పప్పు వెలకొక పేరు, మొత్తమునకొక పేరు ఉండవలెను. ఆనాటివఱకు పైథానులో ఈ పేరులను రోమను అక్షరములతోడనే వ్రాయవలసియుండెను. ఏ భాషవారైనను తమ లిపిలో పేరులు పెట్టుకొనుటకు అనుమతి యీయవలెనని జర్మనీ దేశీయుడగు మార్టిన్ ఫాన్ లోవిస్ ఒక పత్రము తెచ్చెను. దాని సంఖ్య 3131.

అనుకూలవాదము ఇట్టిది. లోకమున ప్రోగ్రాములు వ్రాయువారందఱు ఇంగ్లీషు చక్కగ నెఱిగినవారు కారు. తన వ్యవహారములోని మాటకు సరియైన ఇంగ్లీషు మాట తెలియనివాడు తప్పుమాట నొకదానిని పెట్టును. కొన్నినాళ్లకు తన వ్రాత తనకే బోధపడదు. సొంతమాటలనే రోమను లిపిలో వ్రాసికొనరాదా యందురేని, అన్ని భాషలకు అది సుకరము కాదు. తెలుగునందు కల, కళ, కాల అను మూడు మాటలును సామాన్యముగ వాడు రోమను వ్రాతలో ఒక్క రూపమునే పొందును. తెలుగు లిపికి చోటున్నచో “మొత్తము = బియ్యము + పప్పు” అని వ్రాసిన పంక్తి ఏడవ తరగతి బాలునకును తెలియును.

ప్రతికూలవాదము తేలికయైనది కాదు. ఒకరి ప్రోగ్రామును వేఱొకరు చదివి దిద్దుటవలననే ఈ విద్య వృద్ధినొందినది. తెలుగు పేరులతో వ్రాసినదానిని జపానువాడును, జపాను పేరులతో వ్రాసినదానిని తెలుగువాడును ఎట్లు దిద్దగలరు? తన మీటల పలకపై లేని అక్షరమును ఎట్లు కొట్టగలరు? వీనికన్న పెద్ద భయము మఱియొకటి. వేర్వేఱు లిపులలో ఒక్క పోలికగల అక్షరములున్నవి. రోమను లిపిలోని యొక అక్షరమును, రష్యను లిపిలోని వేఱొక అక్షరమును కంటికి అభేదములు, యంత్రమునకు భిన్నములు. తెలుగునందే నిండుసున్నకును, తెలుగు అంకెలలోని సున్నకును కంటికి భేదము తోచదు. “మొత్తం” అను పేరు చివర ఒకచోట నిండుసున్నను, వేఱొకచోట అంకె సున్నను ఉంచినచో, చదువువానికి పేరొక్కటే, యంత్రమునకు పేరులు రెండు. అడంగలులో ఒకే పేరుగల రైతులిరువురున్నచో తండ్రిపేరు వ్రాసి వేఱుపఱతురు. ఇచ్చట తండ్రిపేరునకు చోటు లేదు. దుర్బుద్ధి గలవాడు ఈ పోలికను ఆశ్రయించి మోసపు వ్రాతను చొప్పించినచో పట్టుకొనువారెవరు?

ఆ కాలమున కడపటి నిర్ణయము గీడో వాన్ రాసమ్ చేతిలోనుండెను. ఆయన పత్రమును అంగీకరించెను. 2008 డిసెంబరు 3వ తేదీన వెలువడిన పైథాను 3.0 నుండి సొంతలిపి పేరులు చెల్లుచున్నవి. కాని అనుమతి విచక్షణ లేక ఈయబడలేదు. పైథానుతో కూడ అందఱకు అందు ఉమ్మడి గ్రంథసంచయమునందు పేరులు రోమను అక్షరములలోనే ఉండవలెననియు, వీలైనంతవఱకు ఇంగ్లీషు మాటలనే వాడవలెననియు పత్రమునందే నియమించిరి. ఇంటి చిట్టాను ఇంటిభాషలో వ్రాసికొనవచ్చును. ఉమ్మడి కొట్టునందలి వస్తువునకు అందఱకు తెలిసిన పేరుండవలెను అనుట దీని భావము.

తెలుగువారికి దీనివలన కలిగిన లాభమెంత యని యడుగుట న్యాయము. పేరులు తెలుగున పెట్టుకొనవచ్చును. ఐనను ఇఫ్, వైల్ మొదలగు భాషయొక్క సొంతమాటలు ఇంగ్లీషులోనే నిలిచియున్నవి. ౧౨౩ అని తెలుగు అంకెలతో వ్రాసిన పదమును సంఖ్యగా మార్చుమనిన పైథాను దానిని 123 గా గ్రహించును. ఐనను ప్రోగ్రామునందు నేరుగ వ్రాయు సంఖ్యలకు 1, 2, 3 అను అంకెలనే వాడవలెను. రాజ్‌కుమార్ వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లుతో కలిసి వత్తుగ మాఱకుండ కంటికి కనబడని గుర్తు నొకదానిని ఉంచుదురు. ఆ గుర్తు గల పేరును పైథాను ఒప్పదు. ఇట్టి కొఱతలు కలవు. వానిని దిద్దగోరువాడు మొఱపెట్టుకొనుటకు పత్రమార్గము తెఱచియే యున్నది.

ఇప్పుడు ముఖ్యవిషయము. 3131వ పత్రమున గెలిచినవాని మాట మాత్రమే కాక ఆక్షేపణలును ఎక్కింపబడినవి. కా-పింగ్ యీ అను ప్రతికూలవాది సంగ్రహించి చెప్పిన దోషములు అదే పత్రమునందు చేర్చబడినవి. కంటితో చూచి ప్రోగ్రామును పరీక్షించుట కష్టమగుననియు, క్రొత్తరకపు మోసములకు దారి యేర్పడుననియు అందున్నది. ఆయన పక్షము ఓడినది. ఆయన మాట చెరిగిపోలేదు.

కాలము గడచినకొలది నిర్ణయాధికారమే మాఱెను. 2018లో := అను గుర్తును భాషలో చేర్చుటను గూర్చి తీవ్రవివాదము జరిగెను. దానికి సంబంధించిన పత్రసంఖ్య 572. గీడో వాన్ రాసమ్ దానిని అంగీకరించెను గాని, ఆ కలహమువలన విసిగి, 2018 జూలై 12వ తేదీన తన అధికారమును విడిచెను. తరువాతి అధికారిని నియమింపను, మీ వ్యవస్థను మీరే ఏర్పఱచుకొనుడని చెప్పెను. అప్పుడు ఆ భాషను పెంచువారు తొందరపడి ఒకరిని పీఠమెక్కింపలేదు. పరిపాలన యెట్లుండవలయునో తెలుపు పత్రములు 7 సిద్ధముచేసి, డిసెంబరులో ఓట్లు వేసి ఒకదానిని ఎన్నుకొనిరి. అందువలన ఐదుగురు సభ్యుల సంఘము ఏర్పడెను. ఒకే సంస్థలో ఉద్యోగము చేయువారు ఆ సంఘమున ఇరువురికి మించి ఉండరాదు. మూడింట రెండువంతులు అవిశ్వాసము తెలిపినచో సంఘమును దింపవచ్చును. 2019 ఆరంభమున ఎన్నికైన మొదటి ఐదుగురిలో గీడో వాన్ రాసమ్ కూడ ఒకడు. ఒంటిగ నేలినవాడు ఐదవవంతు మాటతో కూర్చుండుట చిన్న విషయము కాదు. వివాదమునకు మూలమైన ఆ గుర్తు 2019 అక్టోబరున వెలువడిన 3.8లో చేరెను.

మనుష్యులు మాఱిరి, పత్రములు నిలిచినవి. 2021 నవంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులగు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ అనువారు ప్రోగ్రాములలో మోసము చొప్పింపదగిన రీతులను ప్రకటించిరి. కనబడని గుర్తులతో అక్షరముల వరుసను తారుమారుగ చూపుట ఒకటి. పోలికగల అక్షరములతో దొంగపేరులు పెట్టుట ఇంకొకటి. ఈ రెండవది 2007లో ఓడిన పక్షము చూపిన భయమే. పదునాలుగేండ్ల పిమ్మట అది పండితుల పరిశోధనలో నిక్కమని తేలెను. ఆ మాసముననే పెట్ర్ విక్టోరిన్ అనునతడు 672వ పత్రమున ఈ ప్రమాదములనన్నింటిని విపులముగ వర్ణించెను. ఐనను సొంతలిపి అనుమతిని రద్దుచేయలేదు. దోషము తెలిసిన పిదప కావలసినది మెలకువయని తలంచిరి. సిద్ధాంతమును నిలిచినది, పూర్వపక్షమును ఫలించినది. 2007లో ఆ ఆక్షేపణలను చింపి పాఱవైచియుండినచో, తరువాతివారు ఆ భయమును పూర్వమెవరు ఎట్లు తూచిరో తెలియక మొదటినుండి వాదింపవలసివచ్చెడిది.

సభాసదులారా! గ్రామసంస్థల తీర్మానముల పుస్తకములు తిరుగవేసినచో “ఏకగ్రీవముగ తీర్మానింపబడెను” అను మాటయే తఱచుగ కనబడును. పఠనమందిరము ఏ వేళ తెఱవవలెను, ఏ పత్రికకు చందా కట్టవలెను, స్త్రీలకు ప్రత్యేకపు వేళ ఉండవలెనా అను విషయములలో నిజముగ ఒక్క గొంతు కూడ వేఱుగ పలుకలేదా? పలికియుండును. మర్యాదకై లేఖకుడు దానిని వ్రాయకుండును. ఆ వేఱు మాట పలికినవాడు తనమాట గాలికి పోయెనని తలంచి, మఱుసటి సభకు రాడు. కొన్నియేండ్లకు సభలో ఏకగ్రీవము మిగులును గాని సభ్యులు మిగులరు. లెక్కపుస్తకములో జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయనివానిని ఎవరును మెచ్చరు. తీర్మానముల పుస్తకమున ఒప్పుకోలు మాత్రమే వ్రాయుటయు అట్టిదే.

కావున ఈ రజతోత్సవమునుండి గ్రంథాలయపు తీర్మానముల పుస్తకమున ప్రతి తీర్మానము క్రిందను నాలుగు పంక్తుల చోటు విడువబడునుగాక. కాదనినవాడు ఎవరో, ఎందులకు కాదనెనో అందు వ్రాయబడునుగాక. ఎవరును కాదననిచో ఆ చోటు ఖాళీగ నుండును. దానివలన నష్టము లేదు. స్వర్ణోత్సవమునాడు ఈ పుస్తకమును తెఱచువారు నేటి పసిపిల్లలు. నేటివారు ఏమి నిశ్చయించిరో వారికి ఈ భవనమే తెలుపును. నేటివారు దేనికి జంకిరో ఆ నాలుగు పంక్తులే తెలుపవలెను.

స్వస్తి.