మాడు వాసన తెలియకపోతే

బెంగళూరు బళేపేటలో అడుగు పెడితే ఊరు ముందు ముక్కుకే తెలుస్తుంది: సాంబ్రాణి, కర్పూరం, ఎవరింట్లోనో వేగుతున్న ఇంగువ పోపు. అక్కడే ఉండే మా పెద్దమ్మ, ఒకరోజు పొయ్యి మీద పోపు మాడి నల్లబడుతున్నా, పక్కనే కూర్చుని తాపీగా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జలుబేమో అనుకున్నాం. కొన్నేళ్లకు ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరు.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు వణుకు, వంగిన నడక చెప్పారు గానీ వాసన ఊసెత్తలేదు. ఈ జబ్బున్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి వాసన తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. చాలామందిలో అది వణుకు కన్నా ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దకట్టి, ముక్కు పైన మెదడు అడుగున వాసనను అందుకునే భాగంలో తొలిదశలోనే పేరుకుంటుందని 2003లో జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం ప్రతిపాదించింది. అల్జీమర్స్‌లోనూ వాసన ముందే మందగిస్తుంది.

అలాగని గాభరా పడకండి. జలుబు, సైనస్, కోవిడ్, వయసు, వీటివల్లే ఎక్కువగా వాసన పోతుంది. కారణం లేకుండా పోయి నెలల తరబడి తిరిగి రాకపోతే మాత్రం డాక్టరుకు చెప్పండి. మన బెంగళూరులోనే మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది.

ఇంకొకటి. వంట గ్యాస్‌కు సొంత వాసన లేదు, లీకు తెలియాలనే ఆ ఘాటు కలుపుతారు. వాసన తెలియని పెద్దవాళ్లుంటే, వంటింట్లో గ్యాస్ అలారం ఈ వారమే పెట్టించండి.