గ్రంథస్వామ్యము — స్త్రీ పేరు



రెడ్డియార్‌పాళయమున ఉద్యోగరీత్యా కాపురమున్న తెలుగు కుటుంబములలో సైతము ప్రొద్దు గ్రుంకినంతనే పిల్లల చేతులలో వీడియో ఆటలు కనబడుచున్నవి. ఆ ఆట ఎవరి సొత్తు, అందలి స్త్రీ ఎవరి ఊహ అను రెండు ప్రశ్నలు పెద్దలు విచారింపదగినవి.

1982లో అమెరికాలో ‘మిస్ పాక్‌మన్’ అను ఆట వెలువడెను. పాత పురుషబొమ్మకే ఎఱ్ఱని రిబ్బను ముడిచి, పెదవులకు రంగు పూసి స్త్రీ యనిరి. దాని హక్కులపై 2019లో వ్యాజ్యము నడచెను. 2022లో ‘పాక్‌లాండ్’ అను పాత ఆట మరల వెలువడినప్పుడు ఆమె స్థానమున ‘పాక్‌మామ్’ అను వేఱొక బొమ్మ నిలిచెను. హక్కుదారులెవరని చట్టము అడుగును. స్త్రీకి గౌరవము దక్కినదా యని అడుగదు.

అది బొమ్మ కథ. తెలుగున ఒక కవయిత్రికే ఇట్టి గతి పట్టినది. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునందలి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించెను. 1887 నాటి ముద్రణలో ఆమె తన వంశమును చెప్పుకొన్న పీఠికయు, కొన్ని పద్యములును తొలగింపబడెను. వీరేశలింగం పంతులుగారు ఆమెను వేశ్యయని పేర్కొని కావ్యశృంగారమును గర్హించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, 1910లో వావిళ్లవారిచే పూర్ణపాఠమును ప్రకటింపజేసిరి. పురుషకవుల శృంగారమునకు లేని తప్పు ఈమెకేల యని పీఠికలో ప్రశ్నించిరి. పిదప ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలమున నిషేధము తొలగి, 1952లో గ్రంథము మరల అచ్చుపడెను.

1957 నాటి గ్రంథస్వామ్య చట్టమున 57వ సెక్షను కర్తకు రెండు హక్కుల నొసగినది: కృతి తనదని చెప్పుకొనుట, తన కీర్తికి భంగము కలుగునట్లు దానిని వికృతపఱచినచో అడ్డగించుట. స్వామ్యమును అమ్మివేసినను ఇవి పోవు. హిందీ రచయిత్రి మన్నూ భండారీగారు తమ నవలను సినిమా తీసినవారిపై ఈ సెక్షనునే ఆశ్రయింపగా, 1986లో ఢిల్లీ హైకోర్టు ఆ హక్కును గుర్తించెను. కంప్యూటరు ప్రోగ్రాము సైతము నేటి చట్టమున సాహిత్యకృతియే.

అయినను సెక్షను తనంతట తాను కోర్టు కెక్కదు, అడుగువారుండవలెను. ముద్దుపళని పక్షమున నాగరత్నమ్మగారు అడిగిరి. ఇంట పిల్లలు ఆట తెరచినప్పుడు దీనిని అల్లినవారెవరు, ఇందు స్త్రీ చేయు పనియేమి యని తల్లిదండ్రులు అడిగినచో, ఆ అలవాటు వారికి పుస్తకము పట్టినప్పుడును ఉపకరించును.

స్వస్తి.