కలుపు మందును తినే బాక్టీరియా



మొక్కజొన్నలో అట్రాజిన్ కొట్టనివాళ్లు చెయ్యెత్తండి. సరే, నేనూ ఎత్తలేను. మొక్కజొన్న తట్టుకుంటుంది. దాని తర్వాత వేసే దోస, కూరగాయలే దెబ్బతింటాయి.

ఈ మందును తినే బాక్టీరియా నేలలోనే ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో మందు ఒలికిన చోటి మట్టిలో సూడోమోనాస్ రకం ఒకటి దొరికిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది ముందు అట్రాజిన్‌లోని క్లోరిన్‌ను ఊడగొడుతుంది. దాంతో కలుపును చంపే గుణం పోతుంది. మిగిలినదాన్ని విరగ్గొట్టి నత్రజని లాక్కుంటుంది. దానికి అదే యూరియా అన్నమాట! అందుకే నేలలో నత్రజని దండిగా ఉంటే ఇలాంటి బాక్టీరియా మందు జోలికి అంతగా పోదని కొన్ని పరిశోధనల్లో కనిపించింది.

సౌత్ డకోటాలో వెయ్యి పౌండ్ల మందు, అంటే మన లెక్కన 450 కిలోలు, ఒలికింది. క్లోరిన్ ఊడగొట్టే ఆ ఎంజైమును వేరే సూక్ష్మజీవుల్లో తయారుచేయించి, వాటిని చంపి, ఫాస్ఫేటుతో పాటు ఆ మట్టిలో కలిపారు. 8 వారాల్లో 77 శాతం తగ్గింది. కానీ అది మందు ఒలికిన జాగా, మన చేను కాదు.

కాబట్టి ‘కలుపు మందుకు విరుగుడు’ అని ఎవరైనా డబ్బా తెస్తే, ఏ బాక్టీరియా, ఏ మందు మీద, ఎక్కడ పరీక్షించారని నిలదీయండి. రసీదు లేకుండా కొనొద్దు.

అంతకంటే ముందు చేలో మట్టి ఒక కుండీలో, మందు పడని మట్టి ఇంకో కుండీలో పోసి దోస గింజలు పెట్టండి. మొలిచింది కదా అని సంబరపడొద్దు. అట్రాజిన్ మొలకను ఆపదు, ఆకులొచ్చాక అంచులు పసుపెక్కి మాడతాయి. మూడు వారాలు ఆగండి. మాడితే ఆ చేలో ఈసారికి జొన్నో మొక్కజొన్నో వేసుకోండి.