గోరంత స్టాంపు - కొండంత శిక్ష

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో ఉర్దూ పాఠాలు చెప్పుకొనేవాళ్ళం, వకీళ్ళం కాము. అయినా మార్టూరులో పత్తికీ మిరపకీ అప్పు తెచ్చే ప్రతి ఇంటికీ ప్రోనోటుతో పని ఉంది గనుక, దాని మీద అంటించే రెవెన్యూ స్టాంపు గురించి నాలుగు మాటలు చెబుతాము.

దొంగనోటంటే హడలిపోతాం. దొంగ స్టాంపంటే "రూపాయి బిళ్ళేగా" అంటాం. చట్టం అలా అనుకోదు. పాత పీనల్ కోడ్ 255వ సెక్షను కిందే నకిలీ స్టాంపు తయారుచేస్తే యావజ్జీవం, లేదా పదేళ్ళ దాకా జైలు, జరిమానా. తెలిసి వాడితే ఏడేళ్ళ దాకా ఉండేది. 2024 జూలై 1న అమలుకొచ్చిన భారతీయ న్యాయ సంహిత నాణెం, నోటు, స్టాంపు మూడింటినీ ఒకే గాటన కట్టింది. ఇప్పుడు 179 కింద, నకిలీదని తెలిసి అమ్మినా వాడినా శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు.

ఉత్త బెదిరింపు కాదండీ. బెల్గాం జిల్లా ఖానాపూర్‌లో రైళ్ళలో పండ్లమ్మి చదువుకొన్న అబ్దుల్ కరీం తెల్గీ, నకిలీ స్టాంపు కాగితాలమ్మి కోట్లు గడించాడు. 2001లో దొరికాడు. 2006లో 30 ఏళ్ళ కఠిన శిక్ష, 2007లో మరో కేసులో 13 ఏళ్ళు, 202 కోట్ల జరిమానా. 2017లో ఖైదీగానే పోయాడు. అంత తెలివి ఏం చేసుకోను!

మన ఊళ్ళలో జరిగేది చిన్న దొంగతనం. తీరిపోయిన ప్రోనోటు మీది స్టాంపు నీళ్ళతో తడిపి ఊడదీసి మళ్ళీ అంటిస్తారు. అది పొదుపు కాదు. మళ్ళీ వాడటానికని ఊడదీస్తే మూడేళ్ళ దాకా, వాడిందని తెలిసీ వాడితే రెండేళ్ళ దాకా జైలు ఉంది.

జైలు మాట అటుంచండి. స్టాంపు సరిగా లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. చాలా దస్తావేజులకైతే తరువాత సుంకం, జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వీలు లేదు. కూతురి పెళ్ళికని దాచిన సొమ్ము అప్పిచ్చిన ఒంటరి ఆడమనిషి చేతిలో చివరికి మిగిలేది చిత్తుకాగితమే. ఎగవేసేవాడికి అదే కావాలి.

కనుక స్టాంపు పోస్టాఫీసులోనో, లైసెన్సున్న వెండరు దగ్గరో కొనండి. మన పెద్దలు ఉర్దూలో ముచ్చటగా సంతకం చేస్తారు గాని, పైన తెలుగులో ఏం రాసుందో అడగరు. ముందు ఇంట్లో తెలుగు వచ్చిన పిల్లల చేత చదివించుకోండి. తరువాత సగం అక్షరాలు స్టాంపు మీద, సగం కాగితం మీద పడేటట్టు సంతకం చెయ్యండి. ఆ స్టాంపును ఇంకెవరూ ఊడదీసి వాడుకోలేరు.