ఋణము తీరుటయే విద్యకు గీటురాయి యగునా?

(విద్యార్థులును, వారి తలిదండ్రులును కూడిన యొక సభలో చేసిన ఉపన్యాసము)



అప్పుచేసి చదువుట నేడు మనలో వింత గాదు. ఇల్లు తాకట్టుపెట్టియో, పొలము కుదువబెట్టియో బిడ్డలను పైచదువులకు పంపుచున్న కుటుంబములు మన జిల్లాలలో ఎన్నియో గలవు. అట్టి కుటుంబము కళాశాలను ఎన్నుకొనునపుడు, "ఇచ్చట చదివినవారు తమ అప్పులు తీర్చుకొనగలిగిరా?" యని యడుగుట న్యాయమే. ఆ ప్రశ్ననే అమెరికా దేశము చట్టముగా జేసి, కళాశాలలను దానితో కొలుచుచు మూడు దశాబ్దములకు మించి గడపినది. ఆ కొలత ఎచ్చట సత్యమును చూపినది, ఎచ్చట మరుగుపరచినది యని విచారించుటయే నేటి నా విషయము. నా యభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను. ఈ కొలత మోసగానిని పట్టుటకు పనికివచ్చును. విద్యయొక్క ఘనతను తూచుటకు పనికిరాదు.

1965 నవంబరు 8వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాసు రాష్ట్రములోని శాన్ మార్కోసు పట్టణమున, తాను చదివిన కళాశాలలోనే, ఉన్నత విద్యాచట్టముపై సంతకము చేసెను. ఆయన 1928లో కొటుల్లా యను చిన్న యూర మెక్సికను కుటుంబముల బీద బిడ్డలకు ఉపాధ్యాయుడుగా నుండినవాడు. ధనము లేమిచేత ఎవ్వరికిని కళాశాల తలుపు మూయబడరాదని ఆ చట్టముయొక్క సంకల్పము. బ్యాంకులు విద్యార్థులకిచ్చు అప్పునకు ప్రభుత్వము పూచీపడెను. కాలక్రమమున ప్రభుత్వమే స్వయముగా అప్పిచ్చుట మొదలిడెను. నేడు ఆ దేశమున 4 కోట్లకు మించిన ప్రజలు ప్రభుత్వమునకు విద్యాఋణము బాకీపడియున్నారు. ఆ మొత్తము సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు.

సంకల్పము గొప్పదే. కాని ఏర్పాటులో నొక లోపముండెను. కళాశాలకు రావలసిన రుసుము ముందే చేరిపోవును. అప్పు తీరకున్నచో నష్టము విద్యార్థికిని, ఖజానాకును గాని కళాశాలకు గాదు. ఈ సందు చూచుకొని, పేరునకు మాత్రమే చదువు చెప్పు వ్యాపారపు పాఠశాలలు పుట్టగొడుగులవలె లేచెను. 1990వ సంవత్సరమున వాయిదాలు మొదలిడవలసిన వారిలో నూటికి 22.4 మంది రెండేండ్లు దాటకముందే అప్పు ఎగవేసిరి. అనగా అయిదుగురిలో నొకనికంటె ఎక్కువ.

అప్పుడు, 1990లోనే, శాసనసభ మేలుకొని కళాశాలల మీదనే లెక్క పెట్టెను. ఒక యేట వాయిదాలు మొదలిడవలసిన పూర్వవిద్యార్థులను ఒక జట్టుగా నెంచి, వారిలో నూటికి ఎందరు గడువులోగా ఎగవేతదారులైరో చూచెదరు. 270 దినములు చెల్లింపక యుండుట ఎగవేత యని చట్టము. మొదట రెండేండ్లుగా నున్న గడువు 2008 చట్టముతో మూడేండ్లైనది. ఇప్పటి నియమము ప్రకారము, వరుసగా మూడేండ్లు నూటికి 30 గాని అంతకు మించి గాని, లేదా ఒక్క యేటనే 40కి మించి గాని ఎగవేతలున్నచో, ఆ కళాశాల విద్యార్థులకు ప్రభుత్వ ఋణము నిలిచిపోవును. ఈ కత్తికి భయపడి అనేక మోసపు పాఠశాలలు మూతపడెను. 2003 జట్టు నాటికి ఎగవేత 4.5 శాతమునకు దిగెను. ఇందులో దేశముయొక్క ఆర్థికస్థితి బాగుపడుటయు గలదు గాని, కొలతవలన మేలు కలుగలేదనుట అన్యాయము.

అయితే, కొలత యేర్పడిన చోట దానిని తప్పించుకొను విద్యయు పుట్టును. అప్పు తీర్చలేనివాడు మనవి చేసికొన్నచో కొంతకాలము వాయిదాలు నిలుపుట ఆ దేశమున కలదు. ఆ కాలమున అతడు ఎగవేతదారుడు గాడు. వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును. కొన్ని కళాశాలలు సలహాదారులను కుదుర్చుకొని, బాకీదారులకు ఇంతకంటె మేలైన మార్గములున్నను, ఈ నిలుపుదలనే కోరునట్లు వారిని ప్రోత్సహించినవని శాసనసభ పక్షమున తనిఖీచేయు జవాబుదారీ కార్యాలయము 2018లో వెల్లడించినది. 30,000 డాలర్ల అప్పు గలవాడు మూడేండ్లు నిలుపుదలలో నున్నచో, అదనముగా 6,742 డాలర్ల వడ్డీ మోయవలసి వచ్చునని ఆ కార్యాలయమే గణించినది. గడువు దాటిన పిమ్మట అతడు కూలిపోయినను కళాశాల లెక్కకు మచ్చ రాదు. కళాశాలను శిక్షించుటకు పెట్టిన కొలత విద్యార్థినే శిక్షించినది.

ఈ కొలత సత్యమునకు ఎంత దూరము పోగలదో తెలుపు మరియొక సంగతి గలదు. మహమ్మారి కాలమున, 2020 మార్చి మొదలు 2023 సెప్టెంబరు వరకు, ప్రభుత్వమే వాయిదాలన్నిటిని నిలిపివేసెను. తత్ఫలితముగా 2020 జట్టునకు దేశమంతటి ఎగవేత లెక్క సున్నగా వచ్చెను. మంచి కళాశాలయు, చెడ్డ కళాశాలయు, అన్నియు సున్నయే! విద్య మారలేదు, గురువులు మారలేదు. లెక్క మాత్రము నిర్మలమైపోయెను.

ఎగవేత లెక్క మిక్కిలి సులువైనదని తలచి, 2015లో కాలేజీ స్కోర్ కార్డు అను ప్రభుత్వ పట్టికలో మరియొక కొలత ప్రకటించిరి. నియమితకాలములో అసలులో కనీసము ఒక డాలరైనను తగ్గించిన వారెందరని చూచుట దాని పద్ధతి. ఇది మొదటిదానికంటె నిజాయితీగలదే. కాని దీనికిని చిక్కులు గలవు. తక్కువ యాదాయము గలవాడు ఆదాయమునుబట్టి కొద్దిగా చెల్లింపవచ్చునని చట్టమే చెప్పుచున్నది. అట్లు చెల్లించువాని అసలు తగ్గదు, ఒక్కొక్కప్పుడు పెరుగును. పదేండ్లు ప్రజాసేవలో నుండి 120 వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఋణము మాఫీ యగునని 2007లో చట్టము చేసిరి. ఆ మాట నమ్మి బీదల బడిలో పంతులమ్మగా చేరిన యువతి, చట్టము చెప్పినట్లు నడచుచునే, ఈ పట్టికలో అప్పు తీర్చనిదానిగా కనబడును. ఆమెను తీర్చిదిద్దిన కళాశాలకు మార్కులు తగ్గును.

మరి ఎంత శాతమున్నచో మంచి, ఎంత తగ్గినచో చెడ్డ? వృత్తివిద్యలకు నూటికి 35 అను హద్దును విద్యాశాఖ పెట్టగా, ఆ సంఖ్యనే యేల యెంచితిరో తగిన కారణము చూపలేదని 2012లో న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది.

ఇంతకంటె లోతైన ప్రశ్న వేరొకటి గలదు. అప్పు తీరుట విద్యవలననా, పుట్టిన యింటివలననా? కొలంబియా విశ్వవిద్యాలయ పండితురాలు జూడిత్ స్కాట్-క్లేటన్ 2018లో ప్రకటించిన పరిశీలనలో, పట్టభద్రులైన నల్లజాతివారిలో నూటికి 21 మందియు, పట్టభద్రులైన తెల్లజాతివారిలో నూటికి 4 గురును ఎగవేతలో పడినట్లు తేలినది. పట్టము పుచ్చుకొన్న నల్లవారికంటె చదువు మధ్యలో మానిన తెల్లవారే తక్కువగా ఎగవేసిరట! తండ్రి చేతిలో సొమ్మున్నవాడు ఉద్యోగము ఆలస్యమైనను వాయిదా కట్టగలడు. ఇంటికి తానే సొమ్ము పంపవలసినవాడు కట్టలేడు. కావున ధనికుల బిడ్డలను చేర్చుకొను కళాశాల ఏమియు నేర్పకున్నను ఈ పట్టికలో మొదట నిలుచును. బీదలను చేర్చుకొని శ్రమించు కళాశాల వెనుకబడును.

చిన్న అప్పులవారే ఎక్కువగా ఎగవేయుటయు గమనింపదగినది. వారిలో అనేకులు చదువు పూర్తిచేయక మానినవారు. వారిని ముంచినది అప్పుయొక్క పెద్దతనము గాదు, చేత పట్టము లేమి.

ఇట్లని లెక్కయే వలదందురా? వలదనను. కొరింథియన్ కాలేజీలను వ్యాపారసంస్థ 2015లో కుప్పకూలెను. ఉద్యోగములు దొరకినవారి సంఖ్యలను ఆ సంస్థ తప్పుగా చూపినదని విచారణలో తేలెను. 2022లో 5,60,000 మంది పూర్వవిద్యార్థుల ఋణములు, మొత్తము 580 కోట్ల డాలర్లు, ప్రభుత్వము రద్దుచేయవలసి వచ్చెను. లెక్క అడుగువాడు లేని చోట జరుగునది ఇదియే. ప్రజాధనము పుచ్చుకొను కళాశాల ప్రజలకు లెక్క చెప్పి తీరవలెను. 2025 జూలై 4వ తేదీన అమెరికాలో చట్టమైన శాసనము, పట్టభద్రుల సంపాదన ఉన్నతపాఠశాల చదువు మాత్రమే గలవారి సంపాదనకు మించవలెనని, మూడేండ్లలో రెండేండ్లు మించనిచో ఆ చదువునకు ఋణము నిలుపవలెనని విధించినది. తీరని అప్పులో కళాశాలయు భాగము భరింపవలెనను ప్రతిపాదన దిగువసభ బిల్లులో నుండి, తుదకు తొలగింపబడినది. అది మంచి ప్రతిపాదనయే. కాని బీద విద్యార్థుల సంఖ్యను గణింపక దానిని అమలుజరిపినచో, బీదవానిని గుమ్మములోనే ఆపుట కళాశాలలకు లాభసాటి యగును.

ఇక మన మాట. మన తెలుగు యువకులు వేలకొలది అమెరికా కళాశాలలకు పోవుచున్నారు. వారు ఒక సంగతి మరువరాదు. అమెరికా ప్రభుత్వ ఋణము విద్యార్థిగా పోయిన విదేశీయునకు లేదు. కావున ఆ లెక్కలలో మన బిడ్డ ఒక్కడును లేడు. కళాశాల యెదుట ఎంత చక్కని సంఖ్య కనబడినను, అది వీసా గడువుతో ఉద్యోగము వెదకుకొననక్కరలేని వారి సంఖ్య. మన బిడ్డయొక్క అప్పు ఇచ్చటి బ్యాంకులో, ఇచ్చటి ఇంటి తాకట్టుపై నున్నది. 7.5 లక్షల రూపాయలకు మించిన ఋణమునకు తాకట్టు అడుగుట మన బ్యాంకుల సాధారణ పద్ధతి. డాలరులో ఉద్యోగము దొరకకున్నచో రూపాయలలో ఆ యిల్లు పోవును.

మన దేశమునందును, 2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మంత్రివర్గము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము 860 విద్యాసంస్థలను జాతీయ శ్రేణీపట్టికనుబట్టి ఎన్నుకొని, అచ్చట చేరువారికి తాకట్టు లేని ఋణము కల్పించినది. ఋణమునకును శ్రేణికిని ఇట్లు ముడిపడుచున్న ఈ సమయమున అమెరికా యనుభవము మనకు పాఠము గావలెను. ఏ సంఖ్య వెలువడినను, దాని ప్రక్కన మరి మూడు సంఖ్యలు వెలువడవలెను: చేరినవారిలో చదువు ముగించినవారెందరు? వారిలో బీద కుటుంబములవారెందరు? ఆ బీదవారిలో ఋణము తీర్చుకొనగలిగినవారెందరు? బీదవానిని చేర్చుకొని, చదువు ముగింపజేసి, ఋణవిముక్తుని చేసిన కళాశాలయే గొప్ప కళాశాల.

తలిదండ్రులారా, సంతకము పెట్టుటకు ముందు ఈ మూడు ప్రశ్నలను అడుగుడు. సమాధానము చెప్పలేని కళాశాలకు మీ పొలము పత్రములను అప్పగింపకుడు. విద్య వెలుగు గావలెను గాని, తరతరముల మెడకు ఉరి గారాదు.