గాలం విసరడానికి కాళ్లెలా పెట్టాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇలాంటి సభల్లో సాఫ్ట్‌వేర్ గురించో, వీసాల గురించో చెబుతారు. కార్యదర్శిగారు నాతో "మీకు బాగా తెలిసిందేదైనా పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ముప్ఫై ఏళ్లు చేసిన ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్రొస్తుంది. నాకూ వస్తుంది. అందుకని ఉద్యోగం చివరి రోజుల్లో మొదలుపెట్టి, రిటైరయ్యాక కాస్త పట్టు సాధించిన ఒక పని గురించి చెబుతాను. గాలం విసరడం. అందులోనూ దూరం విసరాలంటే కాళ్లెలా పెట్టాలన్న ఒక్క సంగతి. వెనక వరసలో మా బ్యాచ్ వాళ్లు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి.

ఇది మన కాలువ గట్టున వానపామును గుచ్చి, బెండు కట్టి వేసే గాలం కాదు. దీన్ని ఫ్లై కాస్టింగ్ అంటారు. ఇక్కడ ఎర అంటే చిన్న కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ. దానికి బరువే ఉండదు. మామూలు గాలంలో సీసపు గుండు ముందు వెళుతుంది, తాడు దాని వెనక పోతుంది. ఇందులో అంతా తిరగబడుతుంది. తాడుకే బరువు, ఈగ దాని కొసన వేలాడుతూ పోతుంది. ఆ బరువు కూడా ఎంతో కాదు. ఎక్కువమంది వాడే 5 నంబరు తాడు మొదటి 30 అడుగులు కలిపి సుమారు 9 గ్రాములు. అంత తేలికైన దాన్ని 9 అడుగుల రాడ్‌తో డెబ్భై, ఎనభై అడుగుల అవతల పడేయాలి.

ఎలా పడుతుంది? ముందు తాడును వెనక్కి విసరాలి. అది గాల్లో పూర్తిగా చాచుకున్నాక ముందుకు విసరాలి. చాచుకున్న తాడు రాడ్‌ను లాగుతుంది, రాడ్ విల్లులా వంగుతుంది, చెయ్యి టక్కున ఆగగానే తిరిగి నిటారవుతూ తాడును తోస్తుంది. తాడు తలపిన్ను ఆకారంలో మెలిక తిరిగి ముందుకు విప్పుకుంటూ పోతుంది. ఆ మెలిక సన్నగా ఉంటే గాలిని కోసుకుంటూ వెళుతుంది. లావుగా ఉంటే మధ్యలోనే చతికిలబడుతుంది. మెలిక సన్నగా రావాలంటే రాడ్ కొస దాదాపు తిన్నని గీత మీద ప్రయాణించాలి. ఈ విద్య మొత్తానికి మూలసూత్రం ఇదే. తక్కిన తిప్పలన్నీ ఈ ఒక్కదాని కోసమే.

నేను నేర్చుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కోలో, గోల్డెన్ గేట్ పార్కులో. నీలగిరి చెట్ల మధ్య 1938లో కట్టిన మూడు కొలనులున్నాయి. వాటిలో చేపలుండవు. గురి చూసుకోవడానికి నీళ్ల మీద తేలే రింగులుంటాయి. చేపలు లేని చెరువులో గాలం వేసే ఊరు అదొక్కటే అని మా ఆవిడ దెప్పుతుంటుంది. ఎవరైనా వెళ్లి సాధన చేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రపంచ చాంపియన్‌గా ఎన్నోసార్లు గెలిచిన స్టీవ్ రాజెఫ్ కుర్రతనంలో సాధన చేసింది అక్కడే.

మొదట్లో అందరికీ నేర్పినట్టే నాకూ నేర్పారు. కుడిచేతివాటం వాళ్లు కుడికాలు కొంచెం ముందు పెట్టాలి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి. రాడ్‌ను గడియారంలో ముల్లనుకుని పది గంటల దగ్గర్నుంచి ఒంటిగంట దాకా మాత్రమే ఆడించాలి. పాత రోజుల్లో మోచెయ్యి కదలకుండా చంకలో పుస్తకం పెట్టి నేర్పేవారట. దగ్గరికి విసిరేటప్పుడు ఇది మంచి పద్ధతే. రాడ్ కంటికి ఎదురుగా ఉంటుంది, గురి కుదురుతుంది. ముప్ఫై, నలభై అడుగుల్లో ఇప్పటికీ నేను అలాగే నిలబడతాను.

అరవై దాటాక నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి తలపైకెత్తి జోరుగా విసిరే పనులు తగ్గించుకోమన్నారు డాక్టరు. అప్పటికి నేను యాభై అయిదు అడుగుల దగ్గర ఉన్నాను. ఇంకో పది అడుగుల కోసం బలం పెడితే రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాణ్ణి. రాడ్‌ను తెలిసిన కుర్రాడెవరికైనా ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను కూడా. రిటైరైనవాడికి పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటుండటం ఎంత పెద్ద విషయమో ఈ సభలో చాలామందికి తెలుసు. ఆ చోటు పోతుందనే నా దిగులు.

ఆ రోజుల్లో కొలను దగ్గర ఎనభై దాటిన ఒక పెద్దాయన నన్ను కాసేపు గమనించి నా దగ్గరికొచ్చారు. నా చెయ్యి వంక చూడలేదు, బూట్ల వంక చూశారు. కుడికాలు వెనక్కి తీయించి, ఎడమకాలు ముందు పెట్టించారు. కుడిపాదం బొటనవేలు పక్కకు తిప్పించారు. ఇంతే. అప్పుడు నా ఛాతీ కొలను వైపు కాకుండా కుడిపక్క చెట్ల వైపు తిరిగింది. దీన్నే వాళ్లు ఓపెన్ స్టాన్స్ అంటారు.

క్రికెట్ ఆడినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. చందర్‌పాల్ ఛాతీ మొత్తం బౌలర్ వైపు తిప్పి నిలబడేవాడు, దాన్ని మనం ఓపెన్ స్టాన్స్ అంటాం. గాలం వాళ్ల ఓపెన్ స్టాన్స్ దానికి సరిగ్గా ఉల్టా. మామూలు బ్యాట్స్‌మన్ ఎడమ భుజం బౌలర్ వైపు పెట్టి పక్కగా నిలబడతాడే, అదన్నమాట. పేరు చూసి మోసపోవద్దు.

కాళ్లు మారిస్తే ఏం మారుతుంది? కూర్చున్నచోటే ఒకసారి చూడండి. ఎదురుగా తిరిగి ఉండి కుడిచేతిని చెవి పక్కనుంచి తిన్నగా వెనక్కి తీసుకెళ్లండి. జానెడు పోగానే భుజం ఇక చాలంటుంది. ఇంకా వెనక్కి పోవాలంటే మణికట్టు వంచాలి. మణికట్టు వంగితే రాడ్ కొస వెనక నేల వైపు వాలుతుంది, తిన్నని గీత పోయి గొడుగు వంపు వస్తుంది, మెలిక లావైపోతుంది. ఇప్పుడు నడుము కుడివైపు తిప్పి అదే చెయ్యి చాచండి. మొత్తం చెయ్యి పొడవునా వెనక్కి పోతుంది, భుజం కిక్కురుమనదు.

ఎక్కువ తాడు గాల్లో ఉంటే బరువెక్కువ, రాడ్ ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంగిన రాడ్ కొసను తిన్నగా నడపాలంటే చెయ్యి ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఆ దూరాన్ని ఇచ్చేవి కాళ్లు. వెనక్కి విసిరేటప్పుడు ఒంటి బరువు కుడికాలి మీదికి, ముందుకు విసిరేటప్పుడు ఎడమకాలి మీదికి వస్తుంది. తుంటి, నడుము, భుజం, చెయ్యి ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. గోదావరిలో విసురువల వేసే మనిషిని చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో లాభముంది, నా లెక్కలో అదే పెద్దది. పక్కకు తిరిగి నిలబడితే తల తిప్పి వెనక తాడును చూడొచ్చు. అది పూర్తిగా చాచుకోకముందే ముందుకు లాగితే కొరడా దెబ్బలా ఛెళ్లుమంటుంది, ఈగ ఊడిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే తాడు కిందికి జారిపోతుంది. పొడుగు తాడుకు ఎక్కువసేపు ఆగాలి. ఎంతసేపన్నది అంకెల్లో ఎవరూ చెప్పలేరు, కన్ను చెబుతుంది. ఎదురుగా నిలబడ్డవాడికి వీపు వెనకేం జరుగుతుందో కనబడదు, ఊహించుకోవాలి.

అయితే ఈ నిలబడే తీరుకు ఒక జబ్బుంది. ఒళ్లు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి చెయ్యి కూడా దాంతోపాటు గుండ్రంగా తిరిగిపోవాలని చూస్తుంది. అప్పుడు తాడు వెనక తిన్నగా పోకుండా వీపు వెనక్కి కొడవలిలా వంకర తిరుగుతుంది. దూరం కాదు కదా, ఉన్నది కూడా పోతుంది. ఒళ్లు తిరగాలి, చెయ్యి మాత్రం తిన్నగా నడవాలి. వినడానికి తేలిక, నాకు దాదాపు ఏడాది పట్టింది. గడ్డి మీద తెల్ల తాడు ఒకటి పరిచి, రాడ్ కొస దాని పైనే ముందుకూ వెనక్కూ పోతోందా అని చూసుకునేవాణ్ణి. ఎడమచేత్తో తాడును గుంజి వేగం పెంచే కిటుకు ఇంకొకటుంది. దాని గురించి చెబితే కార్యదర్శిగారు చీటీ పంపిస్తారు.

ఇదేమీ కొత్త విషయం కాదు. లెఫ్టీ క్రే అనే ఆయన గడియారం పద్ధతిని పక్కనపెట్టి, కుడికాలు వెనక్కి పెట్టి చెయ్యి బాగా వెనక్కి తీసుకెళ్లమని 1960ల నుంచి నేర్పుతూ వచ్చారు. సముద్రపు గాలిలో, పెద్ద చేపలకు విసరాల్సినవాళ్లకు అది ప్రాణం పోసింది. జోన్ వుల్ఫ్ అనే ఆమె 1951లో మగవాళ్లతో పోటీపడి దూరం విసిరే పందెం గెలిచారు. 1960లో 161 అడుగులు విసిరారు. పోటీ సామగ్రి వేరనుకోండి, అయినా 161 అడుగులు! ఆమె డాన్స్ కూడా నేర్పేవారు. కాళ్ల సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

దూరం దేనికి, దగ్గర చేపలుండవా అని అడుగుతారు. వాగుల్లో ఉంటాయి. కానీ నెవాడాలో పిరమిడ్ లేక్ అని పెద్ద సరస్సు ఉంది, అది పైయూట్ తెగవారిది. అక్కడి కట్‌థ్రోట్ ట్రౌట్ చాలా పెద్దగా పెరుగుతుంది. ఒడ్డు దగ్గర నీళ్లు లోతుండవు. జనం నీళ్లలో నిచ్చెనలు వేసుకుని, వాటి మీద నిలబడి విసురుతారు. నేను ఒడ్డునే నిలబడతాను, నా వయసుకు నిచ్చెనలొద్దు. ఇప్పుడు నాకు డెబ్భై అయిదు అడుగులు పడుతుంది, గాలి లేకపోతే ఇంకాస్త. భుజానికి వ్యాయామాలు చేయించారు, వాటి పుణ్యం కూడా ఉంది. నిలబడే తీరే వైద్యమని నేననను. కానీ గంటన్నర విసిరాక ఆ పక్కకు తిరిగి నిద్రపోతున్నాను. రాడ్ ఎవరికీ ఇవ్వలేదు.

వేదిక మీద మా డ్రిల్లు మాస్టారున్నారు. ఈ గ్రౌండులో షాట్‌పుట్ నేర్పుతూ వారం రోజులు మాకు ఇనపగుండే ఇవ్వలేదు. సున్నం గీత గీసి, దాని మీద ఒట్టి కాళ్లతో అటూ ఇటూ తిప్పించారు. గుండు ఎప్పుడిస్తారు సార్ అంటే, మీ కాళ్లకు వచ్చాక అన్నారు. కొలను దగ్గర ఆ పెద్దాయన నా బూట్లు చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది వీరే. మాస్టారూ, ఆ మాట ఇక్కడ మీ ఎదురుగా చెప్పాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

రాడ్ ఒకటి వెంట తెచ్చాను. కొసన కొక్కెం లేదు, ఎర్ర ఉన్ని పోగు కట్టాను, ఎవరికీ గుచ్చుకోదు. నీళ్లు కూడా అక్కర్లేదు, గడ్డి చాలు. రేపు పొద్దున్న ఏడింటికి గ్రౌండులో ఉంటాను. పిల్లలు రావచ్చు, భుజం నొప్పులున్న మా బ్యాచ్ వాళ్లు తప్పక రావాలి. సున్నం ఎవరైనా తెచ్చిపెట్టండి, గీత గీయాలి.